మంచక్క దాచిన ట్యూబు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ల్యాబులో ఎవరి నోటా వినపడదు. ఇరవై ఆరేళ్ళుగా ఫ్రీజర్ల గదిలో పని చేస్తోంది కాబట్టి ఎప్పుడో ఎవరో మంచు అక్క, మంచక్క అన్నారు, అదే అతుక్కుపోయింది. కొత్తగా చేరినవాళ్ళు ‘మంచి అక్క’ కాబోలు, పిలిచి పిలిచి అలా నలిగిందనుకునేవారు. వారం తిరిగేసరికి ఆ భ్రమ వదిలేది.

మంచక్క నిప్పులు కడిగే రకం. ఫ్రీజరు తలుపు పది సెకన్లకు మించి తెరిచి ఉంచితే చాలు, "లోపలికెళ్ళి కాపురం పెడతావా ఏంటి?" అని వెనక నుంచి గొంతు వినపడేది. ట్యూబు మీద అంకె కాస్త అలికినట్టుంటే తీయించి మళ్ళీ రాయించేది. అన్నిటికంటే పెద్ద గొడవ సున్నా దగ్గర వచ్చేది. గోడకు వేలాడే రిజిస్టరులో రోజుకు రెండుసార్లు ఫ్రీజరు రీడింగు ఎక్కించాలి. మైనస్ ఇరవై ఉంటే మామూలు మనుషులు 20 అని రాసి చక్కా పోతారు. మంచక్క ఊరుకోదు. ఇరవై పక్కన చుక్క పెట్టాలి, చుక్క తర్వాత సున్నా పెట్టాలి. "ఉత్త ఇరవై అంటే అటూ ఇటూ ఏదైనా కావచ్చు. ఇరవై పాయింట్ సున్నా అంటే నువ్వు కళ్ళతో చూశావని లెక్క. సున్నా లేదంటే చూడకుండా గీకావన్నమాట," అనేది.

ల్యాబు పద్ధతి ప్రకారం ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ మంచక్క ఆ పద్ధతిని ఇంటికి కూడా మోసుకెళ్ళింది. వంటింట్లో ఉప్పు డబ్బా మీద సైతం ల్యాబు స్టిక్కరు, దాని మీద ల్యాబు పెన్నుతో ‘1.0 కిలో’ అని ఉండేది. భర్త ఎలక్ట్రీషియను. "మా పెళ్ళయి ఎన్నేళ్ళయిందని ఎవరైనా అడిగితే ఇరవై పాయింట్ సున్నా అంటుంది మా ఆవిడ," అని వచ్చినవాళ్ళ ముందు నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు. అప్పటికి ఇరవై పాయింట్ నాలుగు అయింది మరి.

పదేళ్ళ కిందట ల్యాబు అధిపతికి, అంటే అందరూ పెద్దసారు అని పిలిచే ఆయనకు, ఒక ప్రశ్న పట్టుకుంది. నల్లమందు జాతి మందులున్నాయి కదా, మార్ఫినూ దాని చుట్టాలూ. భరించలేని నొప్పికి అవే దిక్కు. మోతాదు మించితే ఊపిరి ఆపేసేవీ అవే. అందుకే ఎవరైనా అనుమానంగా పోతే రక్తం తీసి, ఎర్రకణాలు కిందికి దిగాక పైన తేలే పసుపుపచ్చ ప్లాస్మాను గడ్డకట్టించి దాస్తారు. కోర్టులో ఆ ట్యూబు వంతు వచ్చేసరికి ఐదేళ్ళు పట్టొచ్చు, ఎనిమిదేళ్ళు పట్టొచ్చు. అప్పుడు పరీక్ష చేస్తే వచ్చే అంకె, ఆ మనిషి ఒంట్లో ఆ రోజున ఉన్న అంకేనా? లేక మంచులో పడి ఉండగా మందు దానంతట అదే తగ్గిందా, పెరిగిందా? తేల్చాలంటే ఒక్కటే దారి. ఆ మందులు వాడుతున్న రోగుల ప్లాస్మాను చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, ఒకటి అప్పటికప్పుడు పరీక్ష చేసి, మిగతావి ఏడాదికొకటి చొప్పున పదేళ్ళు తీసి చూడటం. ఏ ట్యూబునైనా ఒక్కసారే కరిగించాలి. కరిగించి మళ్ళీ గడ్డకట్టించినది లెక్కకు రాదు.

ఇందుకు అరవై మంది రోగులు కావలసి వచ్చారు. అందులో ముప్పై ఎనిమిదో నంబరు మంచక్క తల్లి.

ఆమెకు క్యాన్సరు ఎముకలకు పాకింది. నొప్పి వైద్యశాల వాళ్ళు మార్ఫిన్ సిరప్పు ఇచ్చేవారు. చదువులేని మనిషి కాదు, పరిశోధన కాగితం మొత్తం చదువుకుని సంతకం పెట్టే ముందు కూతుర్ని అడిగింది, "నా రక్తం నీ పెట్టెలో పదేళ్ళుంటుందా?"

"ఉంటుందమ్మా."

"అయితే ఇప్పుడు ఆదివారం ఆదివారం చూస్తున్నావు. పోయాక రోజూ చూస్తావన్నమాట. ఇదే నయం."

ఆవిడ నోరు అలాంటిది. నొప్పి కాస్త సర్దుకుంటే చాలు, ఎవరినో ఒకరిని ఆడిపోసుకోకుండా ఉండలేదు. మంచక్క అక్కడ నవ్వేసి బస్సులో ఏడ్చింది.

తల్లి ఉండేది కొడుకు దగ్గర. మంచక్క తమ్ముడు లారీ టైర్లకు పంక్చర్లు వేస్తాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు. ఆ రోజుల్లో ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా అందరి కళ్ళూ ముందు అతని మీదికే పోయేవి. తల్లికి జబ్బని తెలిసిన రోజున మానేశాడు. మానేసి ఏడాదిన్నర అయినా చుట్టాలు చూపు మార్చుకోలేదు. తల్లిని ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, నాలుగు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి మందు పోయడం, అన్నీ అతనే చూసుకునేవాడు. అతని భార్యకు రెండేళ్ళ పిల్లతోనే సరిపోయేది. ఆరు రోజుల చాకిరీని ఆదివారం వచ్చి తనిఖీ చేయడం తేలిక. మంచక్క అదే చేసేది. దుప్పటి మీద మరక, గ్లాసు కింద తడి, మందు సీసాలో మట్టం, ఏదీ ఆమె కన్ను దాటిపోయేది కాదు.

ఏడాది తిరిగేసరికి తల్లికి మింగడం కష్టమైంది. పది మిల్లీలీటర్ల సిరప్పు పోస్తే సగం పెదవుల పక్క నుంచి కారిపోయేది. వైద్యశాల డాక్టరు చిక్కటి మందు రాశాడు. అదే మార్ఫిన్, పదింతలు గాఢం. పాతది పది మిల్లీలు పోసే చోట ఇది ఒక మిల్లీ చాలు. ఆదివారం నాడు సీసా తీసుకొచ్చింది మంచక్కే. దాని మీద అచ్చు చీమ తలకాయలంత ఉంది, తమ్ముడికి ఆనదు. అందుకని సంచిలోంచి ల్యాబు స్టిక్కరు తీసి, ల్యాబు పెన్నుతో మోతాదు రాసి సీసాకు అంటించింది. మైనస్ ఇరవైలో ఇరవై ఏళ్ళున్నా చెరగని సిరా అది. బస్సుకు వేళయింది. తమ్ముడు తల్లికి పక్క మారుస్తున్నాడు.

"ఒరేయ్, ఇది గట్టి మందు. సీసా మీద రాశాను చూడు. రాసినట్టే పొయ్యి."

"సరే అక్కా," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

మంగళవారం పొద్దున వైద్యశాల నర్సు ఎప్పటిలాగే నెలవారీ రక్తం తీసుకోవడానికి ఇంటికొచ్చింది. తల్లి మంచి నిద్రలో ఉంది. చివరి రోజుల్లో ఇలాగే ఉంటుందని చెప్పి, రక్తం తీసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం రెండు దాటాక తల్లి ఆ నిద్రలోనే పోయింది.

మంచక్క వచ్చేసరికి గదిలో పది మంది దాకా ఉన్నారు. అందరికంటే ముందు వరసలో పిన్ని కూర్చుంది. మంచక్క తల్లి ముఖం చూసింది, ఏడ్చింది, కళ్ళు తుడుచుకుంటూ తలెత్తితే కిటికీలో సీసా కనపడింది. అడుగంటి ఉంది. వంద మిల్లీల సీసా. లెక్క ఆమెకు నాలుక చివరే ఉంటుంది. రోజుకు ఆరుసార్లు, సారికి ఒక మిల్లీ, పదహారు రోజులు రావాలి. రెండు రోజులు కూడా నిండలేదు.

"ఇందులో మందేదిరా?"

"అమ్మకే పోశానక్కా."

"పదహారు రోజుల మందు రెండ్రోజుల్లో అమ్మకి పోశావా?"

"నువ్వు రాసినట్టే పోశా."

"నా రాత అడ్డం పెట్టుకోకు. తాగావా, అమ్ముకున్నావా? అమ్మ నొప్పితో అల్లాడుతుంటే నీకు చేతులెలా వచ్చాయిరా?"

"అల్లాడలేదు అక్కా. నిద్రపోయింది."

ఈ ముక్కతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది. దొంగ, తల్లి పాలిట యముడు, ఇంకా నోటికొచ్చినవన్నీ అందరి ముందూ అనేసింది. "వాడి బుద్ధి ఎక్కడికి పోతుందే," అని పిన్ని వంత పాడింది. తమ్ముడు తల వంచుకుని తల్లి కాళ్ళ దగ్గర దుప్పటి సరిచేస్తూ ఉండిపోయాడు. చేసిన తప్పుకు నోరు పెగలడం లేదని అందరూ అనుకున్నారు.

ఆ మాట ఇంట్లోనే ఆగితే బాగుండేది. పిన్ని నోటిలో పడ్డాక ఆగడమనేది లేదు. నెల తిరక్కుండా అతనికి లారీ వదిలి పక్కకు వెళ్ళడానికి డ్రైవర్లు జంకారు. ‘తల్లి మందు అమ్ముకున్నవాడట’ అనే మాట అతని కంటే ముందే వెళ్ళి కూర్చునేది. భార్యాపిల్లతో ఊరికి ఆ చివర, లారీల అడ్డా దగ్గరికి మకాం మార్చాడు. అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు అక్కడితో సరి.

పది రోజుల తర్వాత డ్యూటీకి వచ్చిన మంచక్కకు ఫ్రీజర్లో, పై అరలో, కొత్త ట్యూబు ఒకటి కనపడింది. ముప్పై ఎనిమిది, మంగళవారం తేదీ. నర్సు తీసుకెళ్ళిన రక్తం. తల్లి ట్యూబులు అప్పటికే లెక్కలో ఉన్నాయి కాబట్టి ఇది అదనం. పరీక్ష చేయలేదు, చేయాల్సిన పనీ లేదు. పద్ధతి ప్రకారం పారేయాలి. పద్ధతికి పెట్టింది పేరైన మనిషి దాన్ని చేత్తో పట్టుకుని, పది సెకన్ల నియమం కూడా మర్చిపోయి, చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత అట్టడుగు అరలో వెనక్కి నెట్టి తలుపు వేసింది.

అందులో ఏముందో తెలుసుకోవడం ఆమెకు చిటికెలో పని. కానీ తెలుసుకోలేదు. వెంటనే చేయించడానికి ధైర్యం చాలలేదు. ఏడాది గడిచాక, ఇంతకాలం ఫ్రీజర్లో ఉన్నదాన్ని ఏం నమ్ముతాం, మందు ఆవిరైపోయి ఉంటుందిలే అని తనకు తానే చెప్పుకుంది. ఆ సాకును ఆమె చేత్తో ఎక్కించిన అంకెలే ఏడాదికింత కొరుక్కుతిన్నాయి. తల్లి పాత ట్యూబుల్లో తాజాగా ఉన్నప్పుడు వచ్చిన అంకె 62.0. మరుసటేడు 61.4. మూడో ఏడు 62.7. ఆరో ఏడు 61.9. మిగతా రోగులదీ ఇదే వరస. మందు మంచులో మొండికేసి కూర్చుంది, తగ్గదూ పెరగదూ. పెద్దసారు సంబరపడిపోయేవాడు. మంచక్క రిజిస్టరులో ఎక్కిస్తూ, ఇక ఆ అడుగు అరలోని ట్యూబు ఎప్పుడు తీసినా నిజమే చెబుతుందని గ్రహించింది. అప్పటినుంచి దానికి భయపడసాగింది.

పదేళ్ళూ నిండాయి. ఆఖరి విడత గురువారం చేసేస్తే మిగిలిన ట్యూబులన్నీ శుక్రవారం పసుపు సంచుల్లో కట్టి కాల్చడానికి పంపేయాలని ఉత్తర్వు వచ్చింది. ఇక వాయిదా వేయడానికి రోజులు లేవు. బుధవారం ఆమె పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

"సార్, రేపటి విడతలో ఒక్క చోటు కావాలి."

"దేనికమ్మా?"

"లెక్కలో లేని ట్యూబు ఒకటుంది."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. లెక్కలో లేనిది ఒకటి మంచక్క ఫ్రీజర్లో ఉందంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. ఆమె ముఖం చూసి ఇంకేమీ అడగకుండా సరేనన్నాడు.

అంకె ఎటు వచ్చినా రెండే జవాబులని ఆమె లెక్క. సున్నాకు దగ్గరగా వస్తే తమ్ముడు దొంగ, తల్లి చుక్క మందు లేకుండా పోయింది. అరవైకి దగ్గరగా వస్తే తల్లికి పోయాల్సింది పోశాడు, మిగతాది ఏం చేసుకున్నా చేసుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందట ఆమెకు సున్నా కావాలని ఉండేది. ఇప్పుడు అరవై కావాలని ఉంది. వయసు మీద పడింది, ఒక్కగానొక్క తమ్ముడు, అతని పిల్ల ముఖం కూడా గుర్తులేదు. అరవై వస్తే వెళ్ళి మాట్లాడదామని మనసులో అనేసుకుంది. మూడో జవాబు ఉంటుందన్నది తట్టనే లేదు.

గురువారం ట్యూబును ఐసు మీద పెట్టి తానే కరిగించింది. వేలి కణుపంత పసుపు నీరు. తల్లి ఒంట్లోంచి వచ్చినదాంట్లో లోకంలో మిగిలింది అదే. మందు విడదీసే పనంతా చేసి, మెషీన్లో పెట్టింది. కాగితం మధ్యాహ్నం బయటికొచ్చింది. పెద్దసారు వేలితో వరసలు చూసుకుంటూ కిందికొచ్చి ఆగాడు.

611.0.

"ఇదేంటమ్మా? ఎక్కడైనా కలగాపులగం అయిందా?"

విడదీసిన మందు ఇంకా కాస్త మిగిలి ఉంది. దాన్నే మళ్ళీ పెట్టి చూశారు. 608.0 వచ్చింది.

"ఫ్రీజర్లో ఉండి పెరిగిందేమో సార్."

"ఆ మాట నువ్వు అనొచ్చా? పదేళ్ళ రిజిస్టరు రాసింది నువ్వే. పెరగదని తేల్చింది నువ్వే." ఆయన కాగితం పక్కన పెట్టాడు. "ఆ రోజు ఆ మనిషి ఒంట్లో ఇంతే ఉంది. పాపం ఎవరో, ఎవరో పదింతలు పోసేశారు."

మంచక్క ఫ్రీజర్ల గదిలోకి వచ్చేసింది. రీడింగు ఎక్కించే వేళయింది. చెయ్యి అలవాటుగా పెన్ను తీసి 20.0 అని రాసింది. రాసిన దాన్ని చూస్తూ ఉండిపోయింది. చుక్క ఉందా అంటే ఉంది. నువ్వుగింజలో పావు వంతు ఉంది. అది చుక్క అని ముందే తెలిసిన కంటికే ఆనుతుంది. తెలియని కంటికి అక్కడున్నది రెండు వందలు.

అరచేతిలో రాసుకుంది, సీసా మీద ఆ ఆదివారం రాసినట్టే. 1.0.

పది.

పాత సిరప్పు మోతాదు పది. కొత్త సీసా మీదా పది. పాత కొలత గ్లాసులోనే పది గీత దాకా పోసి, తల కింద చెయ్యి పెట్టి, కారిపోకుండా ఓపిగ్గా తాగించి ఉంటాడు, నాలుగు గంటలకోసారి అలారం పెట్టుకుని మరీ. పదిసార్లకు సీసా అయిపోయింది. ‘నువ్వు రాసినట్టే పోశా’ అన్నాడు. అంతకుమించిన నిజం ఆ గదిలో ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు.

ట్యూబుల అట్టపెట్టెల మీద కూలబడింది మంచక్క. ఏడుపు రాలేదు. తమ్ముడు దొంగ కాదని తెలిసిన క్షణంలోనే తల్లిని ఏ చెయ్యి చంపిందో కూడా తెలిసిపోయింది. ఆ రెండో సంగతి ముందు మొదటిదానికి సంతోషించే వీలే లేకపోయింది. ఇంటికెళ్ళాక చేసిన మొదటి పని ఉప్పు డబ్బా మీది స్టిక్కరు గోళ్ళతో గీకి పీకేయడం.

శనివారం పొద్దున్నే లారీల అడ్డా దగ్గరికి వెళ్ళింది. రోడ్డు పక్క రేకుల షెడ్డు, ముందు గుట్టగా పాత టైర్లు, నల్లటి నీళ్ళ తొట్టి. తమ్ముడు ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాడు. జుట్టు సగానికి పైగా తెల్లబడింది. అక్కను చూసి లేచి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఎవరికైనా బాగోలేదా?" తొమ్మిదేళ్ళ తర్వాత అతను అన్న మొదటి మాట అది.

"అందరూ బాగానే ఉన్నారు."

స్టూలు లాగి వేశాడు. ఆమె కూర్చోలేదు. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "అమ్మ రక్తం ఒక ట్యూబు మిగిలింది. గురువారం పరీక్ష చేశాను," అంది.

అతని ముఖంలో రంగు మారింది. ఆశ్చర్యం కనపడలేదు అందులో, అది ఆమె గమనించింది.

"ఎందుకు చేశావక్కా," అన్నాడు మెల్లగా. "ఎవరడిగారు నిన్ను?"

"నీకు తెలుసా?"

అతను చుట్టూ చూసి షెడ్డు లోపలికి నడిచాడు. పానాల పెట్టె వెనక నుంచి గుడ్డలో చుట్టిన సీసా తీసుకొచ్చి ఆమె చేతికిచ్చాడు. స్టిక్కరు అలాగే ఉంది. నాలుగు గంటలకు ఒకసారి. 1.0. సిరా ఏమాత్రం వెలిసిపోలేదు.

"పిల్లకి ఐదేళ్ళప్పుడు జ్వరమొచ్చింది. డాక్టరు చీటీ పట్టుకుని మందుల షాపుకెళ్ళి, యాభై పట్టాలటగా అన్నా. ఆయన నన్ను పైనుంచి కింద దాకా చూసి, చంపేస్తావా ఏంటయ్యా, ఐదు అది, మధ్యలో చుక్క కనపడట్లేదా అన్నాడు. ఇంటికొచ్చి ఈ సీసా తీశా. చూశా."

"ఆరేళ్ళ నుంచి తెలిసీ చెప్పలేదా?"

"మొదట్లో దాచింది నేను దొంగని కాదని ఎప్పటికైనా నీకు చూపిద్దామని. ఆ రోజు నుంచీ దాచింది ఎవరి కంటా పడకూడదని."

"ఒరేయ్, నేను నిన్ను అన్న మాటలు..."

"దొంగ అనిపించుకోవడం నాకు కొత్తేం కాదు. తాగినన్నాళ్ళూ అనిపించుకున్నా. నీకు ఇలాంటివి అలవాటు లేదు. ఉప్పు డబ్బాకి కూడా కొలతలు రాసే మనిషివి, తట్టుకోలేవు." అక్కడితో ఆపుతాడనుకుంది. ఆపలేదు. "అలాగని కోపం లేదనుకోకు. ప్రతి ఆదివారం వచ్చేది. నువ్వొచ్చే వేళకి వచ్చేది. ఎన్నిసార్లో సీసా సంచిలో వేసుకుని మీ వీధి మొదటి దాకా వచ్చా."

మంచక్క అప్పుడు కూర్చుంది. సీసాను ఒళ్ళో పెట్టుకుంది. లారీ ఒకటి వచ్చి ఆగి హారన్ కొట్టింది, ఇతను చెయ్యి ఊపితే ముందుకు వెళ్ళిపోయింది.

"ఒకటి అడుగుతా," అన్నాడు. "ఆ పరీక్షలో తెలుస్తుందా, అమ్మకి నొప్పి తెలిసిందో లేదో."

"తెలియలేదు. అంత మందు ఉంటే ఏ నొప్పీ తెలియదు."

"నిద్రపోయిందని ఆ రోజే చెప్పా."

"చెప్పావు," అంది. ఆ మాట అనడం మిగతా అన్నిటికంటే కష్టమైంది ఆమెకు. "అందరికీ చెప్తాను. నేను రాసిందే తప్పని, నీ చేతిలో ఏమీ లేదని."

"వద్దు. ఇప్పుడు దొంగ ఒక్కడే ఉన్నాడు. చెప్తే అమ్మని చంపినవాళ్ళు ఇద్దరవుతారు. రాసింది నువ్వు, పోసింది నేను. దొంగగానే ఉండనీ నన్ను. పిల్ల కూడా ఆ మాటకి అలవాటు పడిపోయింది."

పిల్ల అనగానే మంచక్క తలెత్తింది. పదకొండేళ్ళ పిల్ల. తండ్రి దొంగ అనే మాటకు అలవాటు పడిందట. తన ప్రాణానికి హాయిగా ఉండాలంటే అతని మాట వింటే చాలు, సీసా ఆ తొట్టి అంచుకేసి కొడితే చాలు. ఒక్క క్షణం ఆ ఆశ కలిగింది కూడా. సంచిలోంచి ఫోను తీసింది.

"అక్కా, వద్దు," అని అతను ముందుకొచ్చాడు. చేతులకు గ్రీజు ఉందని గుర్తొచ్చి ఆమె చెయ్యి పట్టుకోకుండా ఆగిపోయాడు.

పిన్ని మూడో రింగుకు ఎత్తింది. అటువైపు టీవీ మోగుతోంది.

"పిన్నీ, నేనే. అమ్మ మందు సీసా తమ్ముడు తాగలేదు, అమ్ముకోలేదు. మోతాదు రాసింది నేను. ఒకటి రాయాల్సిన చోట పదిలా కనపడేట్టు రాశాను. వాడు నేను రాసినట్టే పోశాడు. అమ్మ అందుకే పోయింది."

పిన్ని టీవీ సౌండు తగ్గించింది.

"ఏంటే? సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పు."

మంచక్క సీసాను గట్టిగా పట్టుకుని మొదటి నుంచి మళ్ళీ చెప్పింది.